అమ్మ మందుల సంచి ఎప్పుడు విప్పి చూశారు?



ఈ వారం మన ఇళ్ళలోని పెద్దవాళ్ళ గురించి, వాళ్ళు రోజూ మింగే మందుల గురించి రాస్తున్నాను. పాస్టరుగారికి మందులతో ఏం పని అని ఎవరైనా అనుకోవచ్చు. నేను డాక్టరును కాను. సెమినరీలో నేను చదివింది వేదాంతం. అయితే పల్లెటూళ్ళో పెద్దాయన తూలి పడినా, పెద్దామె రాత్రిపూట పొంతనలేని మాటలు మాట్లాడినా, చాలాసార్లు డాక్టరుకన్నా ముందు ఫోను వచ్చేది కాపరికే. "అయ్యగారూ, ఒకసారి వచ్చి ప్రార్థన చేయండి" అంటారు. వెళ్తాను. అలా ఏళ్ళ తరబడి మంచాల పక్కన కూర్చుని నేర్చుకున్న ఒక సంగతి మీకు చెప్పాలి. పెద్దవాళ్ళలో ఉన్నట్టుండి ఏదైనా మార్పు వస్తే, అది వయసు అనో, దయ్యం అనో, విశ్వాసం తక్కువై అనో తీర్మానించేముందు వాళ్ళ మందుల సంచి విప్పి చూడండి.

ముసలితనాన్ని బైబిలు దాచిపెట్టలేదు. ఇస్సాకు కళ్ళు మసకబారి, ఎదురుగా ఉన్నది ఏ కొడుకో గుర్తుపట్టలేకపోయాడు. దావీదు రాజుకు ఎన్ని బట్టలు కప్పినా ఒంట్లో వెచ్చదనం రాలేదు. ఎనభై ఏళ్ళ బర్జిల్లయిని రాజు తన బల్ల దగ్గరికి రమ్మంటే, నాకు రుచి తెలియడం లేదు, పాటలు వినబడడం లేదు, నన్ను మా ఊరికే పోనివ్వండి అని మర్యాదగా తప్పుకున్నాడు. ప్రసంగి గ్రంథం 12వ అధ్యాయం ముసలి శరీరాన్ని పాతబడుతున్న ఇంటితో పోల్చి చూపిస్తుంది. ఇదంతా నిజమే. కానీ ఈ మార్పులు మెల్లగా, ఏళ్ళ మీద వచ్చేవి. బుధవారం దాకా బాగున్న మనిషి శుక్రవారానికి కన్నకూతురిని గుర్తుపట్టకపోతే, దాన్ని వయసు ఖాతాలో రాసి ఊరుకోకూడదు. లోపల ఏదో జరిగిందన్నమాట.

ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. ఊరూ పేరూ వద్దు. డెబ్బై ఎనిమిదేళ్ళ తల్లిగారు. మూడు రాత్రులుగా నిద్ర లేదు. గోడ మీద చిన్నపిల్లలు కూర్చున్నారంటుంది. ఎప్పుడో చనిపోయిన భర్త వాకిట్లో నిలబడి పిలుస్తున్నాడంటుంది. కట్టిన చీర లాగేసుకుంటుంది. కోడలు భయపడి పిల్లల్ని పుట్టింటికి పంపేసింది. చుట్టాలు గాలి సోకిందన్నారు. దూరంగా ఎక్కడో విడుదల కూడికలు జరుగుతున్నాయని విని, తెల్లవారుజామునే అక్కడికి తీసుకెళ్ళడానికి కారు కూడా మాట్లాడారు. ముందురోజు సాయంత్రం నన్ను పిలిచారు.

వెళ్ళి ప్రార్థన చేశాం. ఆ తర్వాత కొడుకును అడిగాను, "ఎప్పటినుంచి ఇలా ఉంది బాబూ?"

"ఆదివారం నుంచి అయ్యగారూ. అంతకుముందు బానే ఉందండీ. శనివారం కూర్చుని మిరపకాయలకు తొడిమలు కూడా తీసింది."

"ఈ వారంలో కొత్త మందులేమైనా వేశారా?"

"జలుబు చేస్తే షాపులో అడిగి బిళ్ళలు తెచ్చామండీ. నిద్ర పట్టడం లేదంటే మా బావమరిది ఒక అట్ట ఇచ్చాడు. వాళ్ళ నాన్న వాడేవేనంట."

"మూత్రం సరిగా పోతోందా?"

దీనికి కొడుకు దగ్గర జవాబు లేదు. తలుపు దగ్గర నిలబడ్డ కోడలు మెల్లగా చెప్పింది, "మంటగా ఉందంటోందండీ. మాటిమాటికీ వెళ్తోంది, కొంచెం కొంచెమే వస్తోంది."

కారు ఎలాగూ మాట్లాడారు కదా, పొద్దుటిదాకా ఆగకుండా ఆ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. మందుల సంచి కూడా పట్టుకెళ్ళమన్నాను. అక్కడ మూత్రం పరీక్ష చేస్తే ఇన్‌ఫెక్షన్ బయటపడింది. దానికి మందు పెట్టి, జలుబు బిళ్ళ, నిద్ర బిళ్ళ రెండూ ఆపించారు. వారం తిరక్కముందే ఆమె కోడలిని పేరు పెట్టి పిలిచి కాఫీ అడిగింది. దేవునికి స్తోత్రం.

మన పెద్దలు దీన్ని సంధి అనేవారు. డాక్టర్లు డెలీరియం అంటారు. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ళు పట్టి వస్తుంది. డెలీరియం గంటల్లో, రోజుల్లో వస్తుంది. కాసేపు మామూలుగా ఉంటారు, కాసేపు వేరే లోకంలో ఉంటారు, రాత్రి అయితే ఎక్కువవుతుంది. పెద్దవాళ్ళలో ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు ఒక్కోసారి జ్వరం కనబడదు, ముందు ఈ కలవరమే కనబడుతుంది. ఒంట్లో ఉప్పు, అంటే సోడియం తగ్గినా, షుగర్ పడిపోయినా, మలబద్ధకం ముదిరినా, నీళ్ళు తాగక ఒళ్ళు ఎండినా ఇలాగే అవుతుంది. పాతకాలపు జలుబు, అలర్జీ బిళ్ళల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ వంటి మందులు మనకు కాస్త మత్తు తెప్పిస్తాయి. డెబ్బై దాటినవాళ్ళకు అవే మతి తప్పిస్తాయి, నోరు ఎండగొడతాయి, మలబద్ధకం తెస్తాయి, మూత్రం బిగబట్టేస్తాయి. ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్ళకు ఇది మరీ ప్రమాదం.

దయ్యాల సంగతి నేను కొట్టిపారేయడం లేదు. యేసు ప్రభువు దయ్యాలను వెళ్ళగొట్టాడని నమ్మేవాణ్ణే, ప్రకటించేవాణ్ణే. అయితే మత్తయి 4వ అధ్యాయం చివర చూడండి. ప్రభువు దగ్గరికి తెచ్చినవాళ్ళలో దయ్యం పట్టినవాళ్ళను, మూర్ఛరోగులను, పక్షవాయువు గలవాళ్ళను మత్తయి వేరువేరుగా చెప్పాడు. అన్నిటినీ ఒకే గాట కట్టలేదు. మనమూ కట్టకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్న తల్లిని పట్టుకుని దయ్యమా పో అని గద్దిస్తే, ఆమెకు జబ్బుకు తోడు అవమానం కూడా మిగులుతుంది.

అందరూ వేసుకునే మందే పెద్దవాళ్ళకు ఎందుకు ఎక్కువవుతుంది? మనం మింగిన మందును లివర్ విరుస్తుంది, కిడ్నీలు బయటికి పంపుతాయి. వయసు పెరిగేకొద్దీ ఈ రెండింటి వేగం తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గి, కొవ్వు పాలు పెరుగుతుంది. డైజిపామ్ వంటి నిద్ర మందు కొవ్వులో చేరి రోజుల తరబడి దిగదు. ఇవాళ్టి బిళ్ళ దిగకముందే రేపటి బిళ్ళ పడుతుంది. అమెరికాలో మార్క్ బీర్స్ అనే వృద్ధుల వైద్యుడు 1991లో తన తోటివాళ్ళతో కలిసి, పెద్దవాళ్ళకు వీలైనంతవరకు వాడకూడని మందుల జాబితా ఒకటి తయారుచేశాడు. అక్కడి వృద్ధుల వైద్యుల సంఘం 2023లో కూడా దాన్ని సవరించింది. పాత అలర్జీ బిళ్ళలు, నిద్ర బిళ్ళలు, అదే పనిగా వాడే నొప్పి మందులు, షుగర్‌కు వాడే గ్లిబెన్‌క్లమైడ్ అందులో ఉన్నాయి. మన సంఘం పిల్లలు అక్కడ ఉన్నవాళ్ళు అమ్మానాన్నలను తీసుకెళ్ళినప్పుడు డాక్టరును బీర్స్ జాబితా గురించి అడగండి, వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు మన శుక్రవారం ఉపవాస ప్రార్థన గురించి. షుగర్ బిళ్ళ పొద్దున్నే వేసుకుని, ప్రభువు కోసం అని టిఫిన్ మానేసి వచ్చే పెద్దలు మనలో ఉన్నారు. మీ భక్తి ప్రభువుకు తెలుసు. కానీ గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్ళలు, ఇన్సులిన్ మీరు తిన్నారా లేదా అని చూడవు. షుగర్‌ను దించేస్తాయి. 70 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. పెద్దవాళ్ళలో ఒక్కోసారి ఇవేవీ లేకుండా ఊరికే తిక్కగా మాట్లాడతారు, లేదా కునుకు తీస్తున్నట్టు వాలిపోతారు. ఆరాధనలో అలా వాలిపోయిన మనిషిని చూసి ఆత్మలో లీనమయ్యారని అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అలాంటప్పుడు మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెరో, గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్ళీ షుగర్ చూడండి, తగ్గే ఉంటే మళ్ళీ ఇవ్వండి, ఆ తర్వాత అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. ఈ బిళ్ళల ప్రభావం చాలాసేపు ఉంటుంది కాబట్టి, లేచి కూర్చున్నారని వదిలేయకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మన సంఘంలో షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దని మీ కాపరిగా కోరుతున్నాను. యెషయా 58వ అధ్యాయం తీసి చదవండి. ఆకలిగా ఉన్నవాడికి నీ ఆహారం పంచడం దేవుడు కోరే ఉపవాసమని అక్కడ ఉంది. మీరు ఇడ్లీ తిని రండి, ఇంకొకరికి కూడా పెట్టి రండి. ప్రభువు లెక్కలో అది తక్కువ కాదు.

ఇక మోకాళ్ళ నొప్పులు. జీవితమంతా పొలంలో వంగి పనిచేసిన మోకాళ్ళు అవి, నొప్పి రాకుండా ఎలా ఉంటాయి? ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, కాగితంలో కట్టిచ్చిన నాలుగు రంగుల బిళ్ళలు. వేసుకున్న గంటలో లేచి నడుస్తారు. "భలే మందండీ అయ్యగారూ" అంటారు. ఆ పొట్లంలో చాలాసార్లు డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందు ఉంటుంది, ఒక్కోసారి స్టెరాయిడ్ కూడా ఉంటుంది. నొప్పి మందు నెలల తరబడి వాడితే కడుపులో పుండు పడుతుంది, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. గుండెకని ఆస్పిరిన్ వాడుతున్నవాళ్ళకు రక్తస్రావం ప్రమాదం ఇంకా ఎక్కువ. మలం తారులా నల్లగా వస్తే, అది కడుపులో రక్తం కారుతున్న గుర్తు కావచ్చు, ఆరోజే ఆసుపత్రికి వెళ్ళాలి. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. చాలాకాలం వాడాక ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పేరు లేని పొట్లం ఎవరిచ్చినా, ఇందులో ఏముందో చీటీ మీద రాసివ్వమని అడగండి. అడగడం అమర్యాద కాదు.

పడిపోవడం గురించి కూడా చెప్పాలి. ఏలీ యాజకుడు తొంభై ఎనిమిదేళ్ళ వయసులో పీఠం మీదనుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోయాడని సమూయేలు మొదటి గ్రంథంలో ఉంది. ఈనాటికీ పెద్దవాళ్ళకు పడడం చిన్న సంగతి కాదు. బీపీ మందులు, ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ వంటివి, నిద్ర బిళ్ళలు, మూత్రం ఎక్కువగా పోవడానికి ఇచ్చే బిళ్ళలు, వీటిలో ఏవైనా రెండు కలిస్తే లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరగవచ్చు. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు, మోకాళ్ళ ప్రార్థన నుంచి లేచినప్పుడు ఎక్కువగా పడతారు. మంచం మీద లేచి కూర్చుని, ఒక నిమిషం ఆగి, అప్పుడు నిలబడమనండి. మన మందిరంలో పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చునే ప్రార్థించండి, దేవుడు మోకాళ్ళను కాదు హృదయాన్ని చూస్తాడు. బీపీ కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి చూడమని నర్సమ్మను అడగండి. పై అంకె ఇరవై తగ్గితే డాక్టరుకు చెప్పాలి. మన పల్నాడు ఎండల సంగతి తెలిసిందే. రెంటచింతల వైపు వేసవిలో మామూలు మనిషే తాళలేడు. మూత్రం బిళ్ళలు వాడే పెద్దవాళ్ళకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరూ ఉప్పూ పడిపోతాయి, కిడ్నీలకు దెబ్బ తగులుతుంది. అప్పుడు ఆ బిళ్ళలు వేయాలా వద్దా అని ఆరోజే ఫోను చేసి కనుక్కోండి.

మందు తెచ్చిన బాధను కొత్త జబ్బు అనుకుని, దానికి ఇంకో మందు వేయడం కూడా చూస్తుంటాను. మా ఇంట్లోనే జరిగింది. మా అమ్మకు నెలల తరబడి పొడిదగ్గు. నేను ప్రసంగం చేస్తుంటే మొదటి వరసలో కూర్చుని దగ్గు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయేది. దగ్గు సిరప్ ఇచ్చారు, దానికి మత్తు వచ్చింది. మత్తుకు బలహీనత అని టానిక్ ఇచ్చారు. చివరికి ఒక లేడీ డాక్టరుగారు సంచి మొత్తం మంచం మీద గుమ్మరించమని, ఒక అట్ట తీసి పక్కన పెట్టారు. అది బీపీకి వాడే ఎనలాప్రిల్. "ఈ మందుకు కొందరికి పొడిదగ్గు వస్తుందండీ, మారుస్తాను" అన్నారు. కొద్ది వారాల్లో దగ్గు పోయింది. సిరప్పూ పోయింది, టానిక్కూ పోయింది. ఇలాగే ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలకు నీరు పడుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో కొందరికి బి12 విటమిన్ తగ్గి అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఇవన్నీ మంచి మందులే. ఆ బాధ ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి, అంతే.

ఇంకొకటి, ఒకే మందు రెండు పేర్లతో రావడం. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక పేరు, ప్రైవేటు క్లినిక్‌లో ఇంకో పేరు. అట్టల రంగులు వేరు, లోపల మందు ఒకటే. చదువురాని తల్లి రెండూ నమ్మకంగా మింగుతుంది.

ఇదంతా చదివి మందులు ఎత్తి పారేయకండి. అది ఇంకా పెద్ద ప్రమాదం. ప్రార్థనలో స్వస్థత పొందానని బీపీ బిళ్ళలు మానేసి, పక్షవాతంతో మంచాన పడ్డవాళ్ళను నేను చూశాను. స్వస్థత నిజమైతే బీపీ మిషనులో కూడా కనబడుతుంది, అప్పుడు డాక్టరే మందు తగ్గిస్తాడు. బాగుపడిన కుష్ఠరోగిని ప్రభువే యాజకుడికి కనబరచుకోమని పంపాడు గదా. హిజ్కియా రాజు కన్నీళ్ళ ప్రార్థన దేవుడు విన్నాడు, అయినా పుండు మీద అంజూరపు ముద్ద పెట్టమని యెషయా చెప్పాడు. పౌలు వెంట లూకా అనే వైద్యుడు ఉన్నాడు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఒక చేత సువార్త, ఒక చేత మందు పట్టుకుని మన తల్లుల మధ్య పనిచేసింది. 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. మన పితరులు విశ్వాసంలోకి వచ్చిన దారిలో ఆసుపత్రి కూడా ఉంది, దాన్ని మరచిపోవద్దు.

హైదరాబాదులో, బెంగళూరులో, విదేశాల్లో ఉండి ఇది చదువుతున్న పిల్లలారా, మీతో ఒక మాట. రోజూ ఫోనులో "మందులు వేసుకున్నావా అమ్మా?" అని అడుగుతారు. అది మీ ప్రేమ, నాకు తెలుసు. "వేసుకున్నాను నాన్నా" అంటుంది ఆమె. ఈసారి "ఏం మందులు వేసుకుంటున్నావు?" అని అడగండి. వీడియోలో ఒక్కో అట్ట చూపించమనండి. మీరు పంపే డబ్బు కన్నా ఆ అరగంట ఎక్కువ పనిచేయవచ్చు.

సంఘానికి నా మనవి ఇది. ఇంట్లో ఉన్న మందులన్నీ, జలుబు బిళ్ళలు, నాటు మందులు, పొట్లాలతో సహా ఒకే సంచిలో వేయండి. ఏ మందు, ఎందుకు, ఎప్పుడు, ఎవరు రాశారు అని ఒక కాగితం మీద రాసి బైబిల్లో పెట్టండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ కాగితం, ఆ సంచి రెండూ చూపించి, "ఇవన్నీ ఇంకా అవసరమేనా అండీ?" అని అడగండి. పక్కింటివాళ్ళ బిళ్ళలు పెట్టకండి, మీవి వాళ్ళకు ఇవ్వకండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘంలో నర్సుగా పనిచేసే సహోదరి కూర్చుని ఈ కాగితాలు రాసిపెడతారు. ఆమె ఏ మందూ మార్చరు, ఆపరు. రాసి, డాక్టరును అడగాల్సినవి గుర్తు పెడతారు. యౌవనస్థులు మీ ఇంటి తాతలను, నాయనమ్మలను బండి మీద జాగ్రత్తగా తీసుకురండి. తల నెరసినవాళ్ళ ముందు లేచి నిలబడాలని లేవీయకాండం నేర్పుతుంది. వాళ్ళ మందుల సంచి ముందు అరగంట కూర్చోవడం కూడా ఆ గౌరవంలో భాగమే అనుకుంటాను.

ప్రార్థిద్దాం. కనికరముగల తండ్రీ, మా పెద్దలను ఇంతవరకు ఎత్తుకుని మోసినందుకు స్తోత్రాలు. వాళ్ళ మాట తడబడినప్పుడు విసుక్కోకుండా వినే చెవులు మాకు దయచేయుము. వైద్యులకు, నర్సులకు, ఆశా అక్కలకు జ్ఞానమిమ్ము. రాత్రివేళ లేచే మా తల్లిదండ్రుల అడుగులు తొట్రిల్లనీయకుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక.